కీర వెన్నెముక

చాదర్‌ఘాట్ చౌరస్తా నుంచి మలక్‌పేట వైపు నాలుగు దుకాణాలు దాటితే చాలు, మన ఊళ్లో కూరగాయలకు రెండు కొలువులున్నాయని తెలుస్తుంది. ఒకటి వంటింట్లో, ఒకటి గుమ్మం మీద. షట్టరు మేకుకు నిమ్మకాయ, దాని కింద పచ్చిమిరపకాయల దండ. టైర్ల దుకాణం ముందు ఉట్టిలో బూడిద గుమ్మడికాయ, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి. కొత్తగా లేస్తున్న ఇంటి ముందైతే దానికే కళ్లు, కోరలు, మెలితిప్పిన మీసాలు దిద్దుతారు. శనివారం పొద్దున్నే ఒకతను వచ్చి పాత నిమ్మకాయ తెంపి కొత్తది కట్టిపోతాడు. తెంపింది రోడ్డు మీద పడి ఉంటుంది. దాన్ని తొక్కకుండా తప్పుకోవడం ఇక్కడి పిల్లలకు నడకతో పాటే వస్తుంది.

గుమ్మం కొలువు చేసిన కూరగాయను ఎవరూ తినరు. గృహప్రవేశం నాడు గడప ముందు పగలగొట్టిన గుమ్మడికాయ ఎంత కండపట్టినదైనా వడియాలకు రాదు. దిష్టి అందులోకి దిగిపోయింది కదా. దెయ్యాన్నీ, చెడు చూపునీ, చావు భయాన్నీ ఏదో ఒక కాయలోకి దించి, దాన్ని నాలుగు బాటల కూడలిలో వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్లు కడుక్కోవడం మన పద్ధతి. నేనూ అట్లాగే పెరిగాను. అందుకే 2024 అక్టోబరు 31 సాయంత్రం మా ఇంట్లో పళ్లెం నిండా కూరగాయల అస్థిపంజరాన్ని పేర్చి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుని దాని పక్కటెముకలు పెరుగులో ముంచుకు తినడం గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఆ రోజు దీపావళి. ఊరికి, మాకు కాదు. ఆ వేసవిలో మా అత్తమ్మ పోయింది. ఏటిసూతకం. వినాయకుణ్ణి తేలేదు, బతుకమ్మను పేర్చలేదు, దసరాకు జమ్మి పంచలేదు. పెద్దవాళ్లకు ఇది తెలిసిన సంగతే గానీ పిల్లలకు ఎట్లా చెప్పాలి? మా అబ్బాయి ఉద్యోగం మారి ఆ జూన్‌లోనే భార్యాపిల్లలతో డాలస్ నుంచి తిరిగొచ్చాడు. అక్కడ మనవడికీ మనవరాలికీ అక్టోబరంటే గుమ్మడికాయల నెల. తోటకు పోయి కాయ ఎంచుకోవడం, గుజ్జు తీసి ముఖం చెక్కి లోపల దీపం పెట్టడం, నెల చివరి రోజు వేషాలేసుకుని ఇంటింటి తలుపూ తట్టి చాక్లెట్లు పోగుచేసుకోవడం. హైదరాబాదులో అది ఉండదని వాళ్లకు ముందే చెప్పారు, బదులు పటాకులు ఉంటాయని ఆశపెట్టారు. తీరా పటాకులూ లేవన్నాం. "మరి మనకేముంది నానమ్మా?" అని చిన్నది అడిగితే ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

జవాబు మా కోడలు వెతికింది. "అత్తమ్మా, సూతకం మన పండుగలకు గదా. హాలోవీన్ మనది కానే కాదు. దానికేం అడ్డం?"

ఈ ప్రశ్నకు ఏ ధర్మసింధువులోనూ సమాధానం ఉండదు. మా ఆయన పేపరు దించకుండానే నవ్వాడు. తల్లి పోయిన మనిషి ఆయన. ఆయనే నవ్వాక ఇంక అభ్యంతరం చెప్పాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. నావైపు నుంచి ఒక్కటే షరతు పెట్టాను. మూకుడు ఎక్కకూడదు, తీపి చేయకూడదు. పండుగ లేని ఇంట్లో నూనె కాగిన వాసన వీధిలోకి పోతే బాగుండదు.

"పొయ్యే వెలిగించక్కర్లేదు," అంది కోడలు.

డాలస్‌లో ఆమె చాలాసార్లు చేసిందట. బడి పార్టీకో, పక్కింటివాళ్ల పిలుపుకో ఏదో ఒకటి చేసి పట్టుకెళ్లాలి. వచ్చేవాళ్లలో మాంసం ముట్టనివాళ్లుంటారు, గోధుమ పడనివాళ్లుంటారు, పల్లీ తగిలితే గొంతు వాచేవాళ్లుంటారు. అందరికీ నప్పేది పచ్చి కూరగాయల ముక్కలూ ముంచుకోవడానికి ఒక గిన్నెడు డిప్పూ. మామూలు రోజుల్లో ముక్కల్ని రంగురంగులుగా సర్దుతారు. అక్టోబరులో వాటినే ఎముకల్లా పేరుస్తారు. డిప్పు గిన్నె తల. కీర చక్రాలు వెన్నెముక. ఎర్ర క్యాప్సికమ్ చీలికలు పక్కటెముకలు. క్యారెట్లు చేతులు, బీన్స్ కాళ్లు, గోబీ పువ్వు నడుము, బేబీకార్న్ వేళ్లు.

సరుకులకు కోడలు రాసిన చీటీ చదువుతుంటే నాకు ఇంకో పళ్లెం గుర్తొచ్చింది. పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, అయ్యగారికి బియ్యమిచ్చే పళ్లెం. ఏటా దాన్ని అత్తమ్మే సర్దేది. నడుమ బియ్యం, పక్కన పెసరపప్పు, చింతపండు, బెల్లం, చిన్న గిన్నెలో నెయ్యి, చుట్టూ కూరగాయలు. అరటికాయ, కంద, చామగడ్డ, కాకరకాయ, పొట్లకాయ, గుమ్మడిబద్ద. ఆ పళ్లెం చూడ్డానికి ఎంత నిండుగా ఉన్నా అందులోది ఒక్క ముక్క కూడా ఇంట్లో ఎవరి నోట్లోకీ పోదు. ఇంకెవరో వండుకోవాలి, పెద్దలకు చేరాలి. పచ్చి కూరగాయల పళ్లెమంటే నా వయసువాళ్లకు మొదట తోచేది అదే. దాన్ని బల్ల మీద పెట్టి తినమంటే చెయ్యి వెంటనే రాదు.

పైగా అత్తమ్మ ఏవి వద్దనేదో అవే ఈ చీటీలో ఉన్నాయి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ సరేసరి. క్యారెట్, గోబీ, క్యాబేజీ, బీన్స్, టమాట, ఆలుగడ్డ పెద్దలకు పెట్టరాదు. కారానికి మిరపకాయ పనికిరాదు, మిరియాలే. కారణం అడిగితే మా అయ్యగారు ఒకటే చెప్పేవాడు. సీమ కూరగాయలమ్మా, తాతముత్తాతలు ఎరగనివి వాళ్లకు ఎట్లా పెడతాం అని. చరిత్ర లెక్కన ఆయన మాటలో నిజముంది. మిరపకాయ, ఆలుగడ్డ, టమాట అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చినవి. గోబీ విత్తనం ఇంగ్లండు నుంచి సహరన్‌పూర్ తోటకు చేరింది 1822లో అంటారు. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో, కోఠి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఉంది. ఈ కూరగాయల్లో సగం అట్లాంటి దొరల భోజనాల బల్లల కోసమే ఈ దేశంలో మళ్లు కట్టించుకున్నాయి.

కానీ ఆ లెక్క పూర్తిగా కుదరదు. పెత్రమాస పళ్లెంలోని ఎర్ర గుమ్మడి కూడా అమెరికాదే, మన పాతకాపు బూడిద గుమ్మడి ఒక్కటే. షట్టర్ల మీది నిమ్మకాయ కింద వేలాడే మిరపకాయ పోర్చుగీసువాళ్లు రాకముందు ఈ గడ్డ మీద లేదు, కాబట్టి ఆ దిష్టి దండ వయసు అయిదు వందల ఏళ్లకు మించదు. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు మెక్సికోది. నవంబరు మొదటి రెండు రోజులూ అక్కడివాళ్లు చనిపోయినవాళ్లకు దారి చూపడానికి సమాధుల దాకా పరిచేది ఆ పువ్వునే. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు పోతున్న పెద్దలు ఆలుగడ్డ తిని పెరిగినవాళ్లు. మా అత్తమ్మకు ఆలుగడ్డ వేపుడుంటే ఇంకో కూర అక్కర్లేదు. సంవత్సరీకంలో ఆమెకు అరటికాయ పెడతాం.

పక్షపాతం హాలోవీన్ వాళ్ల వైపూ తక్కువేమీ కాదు. ఐర్లండులో మొదట చెక్కింది గుమ్మడికాయను కాదు, షల్గంను. మన పాతబస్తీ ఇళ్లలో గోష్తులో వేసే గడ్డే. లోపల తొలిచి, కళ్లూ పళ్లూ కోసి, నిప్పు పెట్టి చలికాలపు రాత్రి గుమ్మం దగ్గర ఉంచితే తిరుగుతున్న ఆత్మలు లోపలికి రావని నమ్మకం. 1840లలో ఆలుగడ్డ పంట కుళ్లి కరువొచ్చి జనం ఓడలెక్కి అమెరికా పోయారు. అక్కడ గుమ్మడికాయ దొరికింది, పెద్దది, తొలవడం తేలిక. షల్గంను మరిచిపోయారు. ఎండిన షల్గం ముఖం బొమ్మ ఒకటి చూశాను, దాని ముందు గుమ్మడికాయ ముఖం పసిపిల్లే. నవంబరు 1 క్రైస్తవులకు సకల పరిశుద్ధుల పండుగ, దాని ముందురాత్రి హాలోవీన్. మా వాడు చదివింది గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ బడిలోనే, అయినా ఆ పేరు గల పండుగ ఒకటి ఉందని డాలస్ పోయాకే తెలుసుకున్నాడు.

సరే, వంటింట్లోకి. కీర ముందు. బండి మీద అమ్మేవాడు చేసినట్టే తొడిమ వైపు చిన్న చెక్క కోసి, ఆ చెక్కతోనే రుద్దితే నురగ వచ్చి చేదు దిగుతుందంటారు. తర్వాత బొటనవేలి మందం చక్రాలు. పలచగా కోస్తే నిలబడవు, వెన్ను కూలిపోతుంది. క్యాప్సికమ్ నిలువు చీలికల్ని మంచునీళ్లలో వేస్తే కాసేపటికి వాటంతట అవే వంపు తిరుగుతాయి, పక్కటెముకలకు ఆ వంపే కావాలి. గోబీని ఉప్పూ పసుపూ వేసిన గోరువెచ్చని నీళ్లలో ఉంచితే దాక్కున్న పురుగు తేలుతుంది. ఈ ఒక్కదానికే స్టవ్ వెలిగింది, ఆ మంట మీదే వేరే నీళ్లలో బీన్స్ కూడా ఒక పొంగు వేసి తీసి చల్లనీళ్లలో పడేశాం. వేటికీ ఉప్పు చల్లకూడదు. చల్లితే ముక్క నీరు వదిలేస్తుంది, పళ్లెం కాస్తా మూసీ అవుతుంది.

డిప్పు దగ్గర అత్తాకోడళ్లకు వాదన వచ్చింది. అమెరికాలో ఆ గిన్నెలో ఎక్కువగా ఉండేది రాంచ్. స్టీవ్ హెన్సన్ అనే ఆయన 1950లలో కాలిఫోర్నియాలో హిడెన్ వ్యాలీ అనే విడిది నడుపుతూ అతిథులకు చేసిపెట్టిన మజ్జిగ, మయొనైజ్, ఎల్లిగడ్డ, ఆకుల కలగలుపు. అది సీసాలకెక్కి దేశమంతా పాకింది. కోడలు ఆ సీసా కొందామంది. పెరుగు తోడుపెట్టుకునే ఇంట్లో మజ్జిగ సీసా కొనడం నాకు నచ్చలేదు. కిలో పెరుగు నూలుబట్టలో మూటగట్టి జల్లెడలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. బయట వేలాడదీస్తే అక్టోబరు ఎండకు పులుస్తుంది. తెల్లారేసరికి సగం కంటే తక్కువ మిగిలింది గానీ వెన్నలా ఉంది. అందులో దంచిన ఎల్లిగడ్డ కొంచెం, పుదీన, కొత్తిమీర, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు. తాలింపు గరిట తీశాను, కోడలు చెయ్యి పట్టుకుంది.

ఆమే గెలిచింది. తర్వాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. పచ్చడి అన్నంలోకి వస్తుంది, అన్నం చప్పన కాబట్టి అది ఉప్పూ కారం పులుపూ నిలువునా పట్టి ఉండాలి. డిప్పు అట్లా కాదు. నీళ్లున్న పచ్చిముక్కకు గరిటెడంటుకుని వస్తుంది, గిన్నెడు తిన్నా నాలుక మండకూడదు. "ఇది మన పెరుగుపచ్చడే గదా" అంటూ ప్రతిదాన్నీ మనింట్లో కలిపేసుకునేవాళ్లను చూస్తే నాకు విసుగు. కాదు, ఇది వేరే వస్తువు. ఒక్క విషయంలో మాత్రం ప్రాణం లేచొచ్చింది. కొరికిన ముక్కను మళ్లీ గిన్నెలో ముంచితే అక్కడ కూడా మొహాలు ముడుచుకుంటాయట. ఎంగిలి పట్టింపు టెక్సాస్‌లోనూ ఉంది.

పేర్చుతుంటే మేడ మీద గదిలో అద్దెకుండే అబ్బాయి దిగొచ్చాడు. ఉస్మానియా మెడికల్ కాలేజీలో రెండో ఏడు. మొదటి ఏడు చదువుకోవడానికి బొక్కల సంచి తెచ్చుకుంటే అత్తమ్మ మెట్లెక్కనివ్వలేదు. ఆ సంచి ఏడాదంతా నీళ్లట్యాంకు పక్కన రేకుల కింద ఉంది, అతను అక్కడే టార్చి వేసుకుని చదివాడు. పళ్లెం చూసి అతను ఉండబట్టలేకపోయాడు. "ఆంటీ, పక్కటెముకలు పన్నెండు జతలు. మీరు ఆరే పెట్టారు. చివరి రెండు జతలు ముందువైపు అతుక్కోవు, కొసలు గాల్లో ఉండాలి." క్యాప్సికమ్ ధర అతనికేం తెలుసు? అయినా మనవడు చీలికల్ని సన్నగా చీల్చి పన్నెండు జతలు చేశాడు. మెడకు ఏడు, వీపుకు పన్నెండు, నడుముకు అయిదు. కీర చక్రాలు లెక్కకు సరిపోక ఇంకో కాయ కోశాం. జిరాఫీ మెడలోనూ ఏడేనని చెప్పి ఆ అబ్బాయి పిల్లల దగ్గర మంచి పేరు కొట్టేశాడు. తల గిన్నెకు నల్ల ద్రాక్షలు కళ్లు, కొత్తిమీర జుట్టు. జుట్టుండకూడదని అతను గొణిగాడు గానీ ఎవరూ వినలేదు.

చీకటి పడేసరికి బయట పటాకుల మోత. అమావాస్య కూడా. చాదర్‌ఘాట్‌కు దెయ్యాల కొరత ఎప్పుడూ లేదు. 1831లో కర్నల్ ఒలిఫెంట్ కట్టించిన వంతెన దగ్గర, కింది కాజ్‌వే మీద, అమావాస్య రాత్రి అత్తమ్మ అడుగు పెట్టేది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని తీసుకుపోయింది. పదిహేను వేలంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు, ఆ చెట్టు ఇంకా ఉంది. అత్తమ్మ పుట్టింది ఆ వరద తర్వాతే, తన తల్లి నోట విన్నదే. కానీ నిన్న జరిగినట్టు చెప్పేది, చెప్పి తలుపు గడియ వేసేది. దీపావళి అమావాస్య నాడు దివిటీ చూపించేది కూడా పెద్దలకే, పెత్రమాసకు వచ్చినవాళ్లు వెలుతురులో తిరిగి వెళ్లాలని. అదే రోజు టెక్సాస్‌లో మా మనవడి స్నేహితులు దెయ్యాల వేషాల్లో వీధులు తిరుగుతారు. రెండు పంచాంగాలు ఇట్లా ఒక తేదీ మీద కలవడం తరచూ జరగదు.

పళ్లెం చుట్టూ కూచున్నాం గానీ మొదట ఎవరూ ముట్టలేదు. చిన్నది కాలివేళ్లు లాక్కుంది. ఆ తర్వాత ఆగలేదు. మా ఆయన నడుం దగ్గరి కీర చక్రం ఒకటి తీసి, "ఇదేంటి?" అనడిగాడు. "కింది నుంచి రెండోది అంకుల్, నాలుగో నడుం పూస," అన్నాడు మెడికో. ఆయన దాన్ని ముంచుకు తిని ఉప్పు తక్కువన్నాడు. తక్కువేం కాదు, ఆయనకు ఎప్పుడూ అంతే.

అప్పుడు మనవడు అడిగాడు. "తాతయ్యా, తాతమ్మ బొక్కలు ఎక్కడున్నాయి?"

కోడలు వాడి తొడ మీద గిల్లడం చూశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. పిల్లలు వచ్చేసరికి అన్నీ అయిపోయాయి, ఫొటోకు దండ పడింది. కానీ మా ఆయన క్యారెట్ ముక్క నములుతూనే చెప్పుకొచ్చాడు. మూడోనాడు పోయి బూడిద మీద పాలు చల్లి ఏరారని, ఎముకలు తెల్లగా, చేతికి తేలిగ్గా ఉన్నాయని, కొత్త కుండలో పెట్టి మూతికి బట్టకట్టి బీచుపల్లి తీసుకుపోయి కృష్ణలో కలిపారని. "అన్నీ దొరికాయా?" "లేదు, చిన్నవి కాలిపోతాయి." "పక్కటెముకలు?" ఆయన పళ్లెం వైపు చూపించి, "కొన్ని. ఇంతంత," అన్నాడు. మెడికో తల వంచుకుని బీన్స్ తింటున్నాడు. చిన్నది ఇంతలో ఒక కన్ను మింగేసింది.

బంధువుల్లో ఒకాయనకు ఈ పళ్లెం ఫొటో చేరి, తల్లి పోయిన ఇంట్లో పుర్రెలూ ఎముకలూ ఏమిటని, మనకు పండుగల్లేకనా అని ఫోన్ చేశాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. పుప్పాలగూడ వైపు పెద్ద గేట్ల లోపల ఈ పండుగను ఆర్భాటం కోసం చేసేవాళ్లంటే నాకూ పడదు. కానీ మన పండుగలకు బాధ్యతలుంటాయి. ఎవరికి పెట్టాలి, ఏది పెట్టకూడదు, ఎవరు ముట్టాలి, ఎవరు పక్కన నిలబడాలి అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. చావు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ నియమాలే మనిషిని నిలబెడతాయి, ఆ పదమూడు రోజులూ నన్ను నిలబెట్టింది అవే. అయితే వాటి నడుమ పదేళ్ల పిల్లవాడు ఎముకల గురించి అడిగేందుకు చోటు లేదు. అరువు తెచ్చుకున్న పండుగకు మనమేం బాకీ లేం. తప్పు చేసినా ఎవరూ అలగరు. మా చాదర్‌ఘాట్‌లోనే నయాగరా హోటల్ ఉంది. అమెరికా జలపాతం పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి బిర్యానీ పెడుతుంటే ఇది ఎవరిదని ఎవరూ అడగలేదు, ఆ ఫోన్ చేసినాయనతో సహా.

మళ్లీ చేస్తానా అంటే చెప్పలేను. సూతకం తీరితే మాకు దీపావళి ఉంటుంది, మూకుడు ఎక్కుతుంది, పిల్లలకు పటాకులుంటాయి. ఈ పళ్లేనికి చోటు దొరుకుతుందో లేదో.

ఆ రాత్రి సగం అస్థిపంజరం మిగిలిపోయింది. క్యాప్సికమ్ పారేయడానికి చేతులు రావు గదా. మర్నాడు బడి ఉంది. పక్కటెముకలూ నడుమూ మోకాళ్లూ అన్నీ కలిపి ఉల్లిగడ్డ, టమాట, గసాలు, కొబ్బరి వేసి కుర్మా చేశాను. మిగిలిన తల అందులోనే కలిపేశాను, చిక్కగా వచ్చింది. టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే చిన్నది బూట్లు వేసుకుంటూ వంటింటి వైపు అరిచింది.

"నానమ్మా, ఇవాళ కూర ఎవరు?"